హాతీరాం దగ్గుల కారు

చర్ల నుంచి లోపలికి పోయే అడవి రోడ్డు మీద, పన్నెండో కిలోమీటరు దగ్గర, దారి మధ్యలో ఒక బండరాయి పైకి లేచి ఉంటుంది. దాని నెత్తి అరిగి నున్నగా మెరుస్తుంటుంది. అదేమీ మొక్కులందుకునే రాయి కాదు. హాతీరాం కారు కడుపు రోజూ దాన్ని రాసుకుంటూ పోయి అట్లా అయింది. రాయి కొంత అరిగితే, కారు కింది సైలెన్సరు దానికి పదింతలు అరిగింది.

ఆ కారు ఈ రోడ్డు కోసం పుట్టింది కాదు. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు, పొడుగాటి ముక్కు, వెనక్కి మడిచిపెట్టే గుడ్డ టాపు. ఎప్పుడో అరవైల్లో ఓడెక్కి వచ్చిన ఇంగ్లండు స్పోర్ట్స్ కారు. భద్రాచలంలో కలప కాంట్రాక్టులు చేసిన వెంకటరామారావు మోజుపడి మద్రాసు నుంచి కొనితెచ్చుకున్నాడు. ఆయన దగ్గర ఇరవై రెండేళ్లు డ్రైవరుగా ఉన్నవాడు హాతీరాం. ఏన్కూరు దగ్గరి తండా మనిషి. వెంకటరామారావుకు చూపు మందగించాక ఒకరోజు తాళంచెవి హాతీరాం చేతిలో పెట్టాడు.

"తుక్కుకు వెయ్యడానికి నా ప్రాణం ఒప్పట్లేదురా. నువ్వే తీసుకుపో. తిప్పుకుంటావో, కోళ్లగూడు చేసుకుంటావో నీ ఇష్టం."

అప్పటికి హాతీరాం భార్య చాందికి చర్లలో ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వంటపని దొరికింది. ఇద్దరూ అక్కడే ఇల్లు తీసుకున్నారు. కారును చూసినప్పుడల్లా చాంది ఒకటే మాట అనేది.

"కోళ్లగూడు చేసినా గుడ్లన్న వచ్చేటియి."

చర్ల దాటాక బస్సు లేదు. జీపులు సంత రోజే కదిలేవి, అదీ ఇరవై మంది ఎక్కాకనే. వానలు పడితే అవీ లేవు. మూడో కిలోమీటరు దగ్గర పోలీసు క్యాంపు పెట్టాక, తనిఖీల గొడవ మనకెందుకని జీపులవాళ్లు అటు ముఖం తిప్పడమే మానేశారు. జ్వరమొస్తే మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకురావాలి. చర్ల చేరేసరికి కొందరిలో ప్రాణం ఉండేది, కొందరిలో ఉండేది కాదు. ఆ లెక్క ఏ ఆఫీసులోనూ ఎవరూ రాసుకోలేదు. అట్లా మోసుకొస్తున్న ఒక మంచానికి హాతీరాం ఒకనాడు దారిలో ఎదురుపడ్డాడు. మనిషిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని దవాఖానాకు చేర్చాడు. ఆ రోజుతో అతని పని మారిపోయింది. జీపు కమాను పట్టీలు వేయించి కారును పైకి లేపాడు, లావు టైర్లు తొడిగించాడు. రోగి పక్క సీట్లో, వెంట వచ్చినవాళ్లు వెనక డిక్కీ మూత మీద. ముందు నుంచి చూస్తే దొరసాని, వెనక నుంచి చూస్తే ఎడ్లబండి. ఇచ్చిన కిరాయి ఇచ్చినంత. ఇప్పపువ్వు ఇచ్చినవాళ్లున్నారు, కోడినిచ్చినవాళ్లున్నారు.

ఎంత లేపినా ఆ బండరాయి మాత్రం సైలెన్సరును వదల్లేదు. చిల్లి పడితే డాల్డా డబ్బా రేకు, అది ఊడితే రంగు డబ్బా రేకు. అతుకు మీద అతుకు పడి, చివరికి కారు ముసలి క్షయరోగిలా ఖళ్లుఖళ్లున దగ్గుతూ నడిచేది. పిల్లలు దానికి 'దగ్గుల కారు' అని పేరు పెట్టారు. ఆ దగ్గు అడవిలో కోసు దూరం వినపడేది.

ఎవరూ దండోరా వెయ్యకుండానే ఆ దగ్గు చుట్టూ ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున కారు లోపలికి పోతున్న చప్పుడు వినగానే గుంపుల్లో, అంటే అడవిలోని చిన్న పల్లెల్లో, మంచం లేపేవాళ్లు. హాతీరాం పదహారో కిలోమీటరు దాకా పోయి, చాయ్ తాగి, బండి తిప్పుకుని వచ్చేసరికి మంచం రోడ్డు పక్కన సిద్ధంగా ఉండేది. ఫోన్లు లేనిచోట అదే ఫోను. కారు హారను చచ్చిపోయి నాలుగేళ్లయింది. దాన్ని బాగు చేయించాలని హాతీరాంకు ఒక్కసారి కూడా తోచలేదు. క్యాంపులోని పాత జవాన్లకూ ఆ దగ్గు తెలుసు, అడవిలో తిరిగే అన్నలకూ తెలుసు. అది వినపడితే ఇటువైపు గానీ అటువైపు గానీ ఎవరి చెయ్యీ తుపాకీ మీదికి పోయేది కాదు. ఆ రోడ్డు మీద ఆ ఒక్కదానికే భయం లేకుండా తిరిగే వీలుండేది.

రెండువేల మూడు వానాకాలంలో ఆ వీలూ పోయింది.

క్యాంపుకు కొత్త ఎస్సై వచ్చాడు. పాత జవాన్లు పోయి కొత్త బెటాలియను దిగింది. అదే వారంలో బండరాయి సైలెన్సరు పొట్టను నిలువునా చీల్చింది. అప్పటిదాకా దగ్గిన కారు ఇప్పుడు పేలడం మొదలుపెట్టింది. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తియ్యగానే వెనక నుంచి ఢామ్మని మోత. కాలు తీసేదేమో గేటు ముందు నెమ్మదించడానికి. అంటే ఆ మోత సరిగ్గా క్యాంపు ఎదుటే.

సోమవారం పొద్దున అదే జరిగింది. ఢామ్మనగానే ఇసుక బస్తాల వెనక జవాన్లు నేలకు కరుచుకున్నారు. మూడు తుపాకులు కారు వైపు తిరిగాయి. హాతీరాం రెండు చేతులూ పైకెత్తి కదలకుండా కూర్చున్నాడు. వయసు యాభై నాలుగు. జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తినవాడు కాదు. ఆ నిమిషం మాత్రం, ఇక్కడే అయిపోయింది అనుకున్నాడు.

ఎస్సై వచ్చాడు. చిన్నవాడు. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమయ్యా, చావాలనుందా? మావాడి వేలు ఇంకొంచెం కదిలుంటే ఏమయ్యేదో తెలుసా?"

"సైలెన్సర్ పలిగింది సార్. బండి పాతది."

"పాతదో కొత్తదో నాకనవసరం. బాగు చేయించకుండా మళ్లీ ఈ గేటు దగ్గర కనపడితే బండి ఇక్కడే ఉండిపోద్ది. అర్థమైందా?"

"బేస్తారం ఒక మనిషిని తేవాలె సార్. నెలలు నిండిన మనిషి."

"అయితే బేస్తవారం లోపు చేయించుకో."

ఆ మనిషి ముత్తమ్మ. ఇప్పగుంపులో ఉంటుంది. ఇప్పగుంపు పన్నెండో కిలోమీటరు బండరాయి నుంచి కోసు దూరం లోపలికి, మధ్యలో వాగు. నిరుడు మొదటి కాన్పుకు ముత్తమ్మ రెండు రోజులు నొప్పులు పడింది. అప్పుడు వాగు పొంగింది. బిడ్డ దక్కలేదు. ఈసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని, నొప్పులు రాకముందే భద్రాచలం పెద్ద దవాఖానాకు తీసుకుపొమ్మని చర్ల నర్సమ్మ గట్టిగా చెప్పింది. ముత్తమ్మ అత్త భద్రమ్మ హాతీరాంతో ఒప్పందం చేసుకుంది.

"బేస్తారం పొద్దుగాల నీ కారు దగ్గుడు ఇనవడంగనే మంచం లేపుతం తమ్మీ. నువ్వు మాత్రం తప్పొద్దు."

"నేనెప్పుడన్న తప్పిన్నా అక్కా?"

మంగళవారం హాతీరాం పేలుతున్న కారుతోనే భద్రాచలం పోయాడు. దారిపొడుగునా కుక్కలు వెంటపడ్డాయి. బ్రిడ్జి రోడ్డులో మన్సూర్‌ది గ్యాస్ వెల్డింగు షెడ్డు. తాత నాటి నుంచి ఇనుము అతికి బతికే కుటుంబం. మన్సూర్ కారు కింద దూరి, కాసేపటికి ముఖమంతా తుప్పుతో బయటికొచ్చాడు.

"సైలెన్సర్ యాడుంది హాతీ భాయ్? నాకు కనవడ్తలేదు."

"కిందనే ఉంది కద."

"కింద డాల్డా డబ్బా ఉంది, పెయింటు డబ్బా ఉంది, ఏదో బడి బోర్డు ముక్క గూడ ఉంది. సైలెన్సర్ మాత్రం లేదు."

"మజాక్ చెయ్యకు మన్సూర్ భాయ్. బేస్తారం వరకు కావాలె. అసలు చప్పుడే రావొద్దు. చప్పుడొస్తే కాలుస్తమంటున్రు."

మన్సూర్ నవ్వు ఆగింది. పాతదాన్ని కోస్తే లోపలి నుంచి తుప్పు కారప్పొడిలా రాలింది. ఆ కారుకు కొత్త సైలెన్సరు ఏ దుకాణంలోనూ దొరకదని ఇద్దరికీ తెలుసు. మందపాటి రేకు చుట్టి గొట్టం చేశాడు. లోపల చిల్లుల పైపు పెట్టాడు. పాత ఫ్రిజ్ విప్పి తెచ్చిన గాజుదూది దాని చుట్టూ కూరాడు. మధ్యలో రెండు అడ్డురేకులు. కింద బండరాయి తగిలేచోట లారీ కమాను ముక్క అతికాడు. ఒకటిన్నర రోజు ఇంకో బండి ముట్టుకోలేదు. బుధవారం మధ్యాహ్నం ఇంజన్ స్టార్ట్ చేసి, పక్క హోటల్ నుంచి తెప్పించిన చాయ్ గ్లాసు బానెట్ మీద పెట్టాడు.

"సూడు, చాయ్ గూడ వణుకుతలేదు. ఇగ నువ్వు దొంగతనానికి పోయినా ఎవనికి తెల్వదు."

హాతీరాం ఆ కారులో ఇంజన్ శబ్దం కాకుండా వేరే శబ్దాలు విని ఎన్నో ఏళ్లయింది. దుమ్ముగూడెం దాటుతుంటే గోదావరి చప్పుడు వినపడింది. పొలాల్లో కప్పలు వినపడ్డాయి. చెవుల్లో ఎప్పుడూ ఉండే హోరు కొంచెం తగ్గినట్టనిపించింది. వెంకటరామారావు దొర పక్కన కూర్చుని మొదటిసారి ఈ కారు నడిపిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు తనకు నడుం నొప్పి లేదు, ఈ రోడ్డు కూడా తెలియదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు గూట్లో పడుతోంది. కారు ఆపి లోపలికి రాగానే చాంది ఉలిక్కిపడింది.

"ఎప్పుడొచ్చినవ్? నాకు ఇనవడనే లేదు. రోజు నీ దగ్గుడు ఇనే బియ్యం కడుగుత నేను. ఇయ్యాల ఎసరే పెట్టలే."

"గంత మంచిగ చేసిండు మన్సూర్" అని హాతీరాం గర్వంగా నవ్వాడు. అన్నం ఆలస్యమైందని మాత్రమే అనుకున్నాడు. ఆ మాటలో ఇంకేం ఉందో అతనికి ఆ పూట అందలేదు.

గురువారం పొద్దున సన్నగా వాన. క్యాంపు చేరగానే గేటు దగ్గర జవాను అటు తిరిగి బీడీ ముట్టించుకుంటున్నాడు. కారు పక్కకు వచ్చి ఆగేదాకా అతనికి తెలియలేదు. చూస్తూనే అరిచి తుపాకీ ఎత్తాడు. మళ్లీ హాతీరాం చేతులు పైకి లేచాయి.

ఎస్సై టెంటులోంచి వచ్చాడు. "ఇదేంటయ్యా, దెయ్యంలాగా వచ్చావ్!" కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "సరే, ఇప్పుడు మర్యాదగా ఉంది. పో."

హాతీరాం పదహారో కిలోమీటరు దాకా పోయాడు. చాయ్ తాగాడు. బండి తిప్పుకుని పన్నెండో కిలోమీటరుకు వచ్చాడు. బండరాయి ఉంది. మంచం లేదు.

కొంచెం ఆలస్యమైందేమో అనుకున్నాడు. టాపు చిల్లిలోంచి వాన చుక్కలు భుజం మీద పడుతున్నాయి. అరగంట చూశాడు, గంట చూశాడు. నొప్పులు ముందే వచ్చాయా? నిరుడిలాగే అయిందా? కూర్చోబుద్ధి కాలేదు. తువ్వాలు నెత్తిన వేసుకుని కాలిబాటన వాగు దాకా నడిచాడు. నీళ్లు రొమ్ము లోతున్నాయి. నలుగురైదుగురు తాడు పట్టుకుని మంచాన్ని దాటిస్తారు గానీ ఒంటిమనిషి దాటే నీళ్లు కావు. అవతలి ఒడ్డున మనిషి అలికిడి లేదు. చేతులు నోటి దగ్గర పెట్టుకుని భద్రమ్మను కేకేశాడు. గొంతు వాగు మోతలోనే కలిసిపోయింది.

వెనక్కి వచ్చి కారుకు ఆనుకుని నిలబడ్డాడు. వాగుకు దూరంగా రోడ్డు మీద అడవి నిశ్శబ్దంగా ఉంది. ఇప్పగుంపు వైపు నుంచి ఎవరో కట్టెలు కొడుతున్న చప్పుడు సన్నగా వినిపించింది. టక్... టక్. ఇంత దూరం నుంచి గొడ్డలి దెబ్బ వినపడుతోంది. అంటే ఇక్కడిది అక్కడికి కూడా వినపడాలి.

అప్పుడు తట్టింది. ఎసరు పెట్టని చాంది గుర్తొచ్చింది.

వాళ్లు అక్కడ మంచం దగ్గరే కూర్చుని ఉన్నారు, చెవులు రోడ్డు వైపు పెట్టుకుని. అతను ఇక్కడ కూర్చున్నాడు, కళ్లు బాట వైపు పెట్టుకుని. కారు రెండుసార్లు వాళ్ల బాట ముందు నుంచే పోయింది. చప్పుడు లేని కారు వాళ్ల లెక్కలో రాని కారు.

"నీ తెలివి పాడుగాను హాతీరాం" అని తనను తానే తిట్టుకున్నాడు.

ముందు ఇంజన్ స్టార్ట్ చేసి చాలాసేపు తొక్కి చూశాడు, చప్పుడు పెద్దగా బయటికి రాలేదు. ఆపి, పానాలు తీసుకుని బురదలో వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాడు. సైలెన్సరు కాలిపోతోంది. మన్సూర్ బిగించిన బోల్టులు మామూలు బిగింపు కాదు. మొదటిది తిరిగింది. రెండోది జారి, ముంజెయ్యి పైపుకు అంటుకుంది. చర్మం చుయ్యిమంది. పళ్లు కరుచుకుని మళ్లీ పట్టాడు. మర అరిగిపోయి బోల్టు ఊడింది. ఒకటిన్నర రోజు చేసిన మన్సూర్ పనితనం, లోపలి గాజుదూదితో సహా, అతని రొమ్ము పక్కన బురదలో పడింది.

స్టార్ట్ చేసి యాక్సిలరేటరు తొక్కాడు. సైలెన్సరు లేని ఇంజన్ అడవి అదిరేలా అరిచింది. అది దగ్గు కాదు, పెడబొబ్బ. చెట్ల మీది కొంగలు లేచాయి. తొక్కాడు, వదిలాడు, మళ్లీ తొక్కాడు. ఎంతసేపు తొక్కాడో తెలియదు. చివరికి వాగు అవతల నుంచి ఒక కూత వచ్చింది. కూ... అని పొడుగ్గా. దానికి ఇంకో కూత తోడైంది.

హాతీరాం తల స్టీరింగు మీద వాల్చాడు.

మంచం వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. రొమ్ముదాకా తడిసిన మనుషులు. ముత్తమ్మ కళ్లు మూసుకుని మంచం పట్టెను పట్టుకుంది. తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయట. భద్రమ్మ వస్తూనే మీద పడింది.

"తప్పనన్నవు! పొద్దుగాల నుంచి చెవులు రిక్కిచ్చుకొని కూసున్నం. ఏడవోయినవ్?"

"ఈడనే ఉన్న అక్కా. రెండుసార్లు తిరిగిన."

"అబద్ధం! మాకు ఇనవడలే."

"ఇనవడకుంట చేయించిన. నాదే తప్పు."

"ఎందుకు చేయించినవ్? మంచిగ దగ్గే బండిని! పోలీసులు నీ కారు గుంజుకున్రని అనుకున్నం. మంత్రసానికి కబురు పంపబోయినం."

ముత్తమ్మను సీట్లో ఒరగబెట్టారు. భద్రమ్మ, ముత్తమ్మ మొగుడు జోగయ్య డిక్కీ మీదెక్కారు. సైలెన్సరు జోగయ్య ఒళ్లో ఉంది. బోల్టు మర పోయింది కాబట్టి దాన్ని మళ్లీ బిగించే దారి లేదు. బిగించగలిగినా అంత సమయం లేదు. కారు అరుచుకుంటూ కదిలింది. మధ్యలో మూడో కిలోమీటరు ఉందని హాతీరాంకు గుర్తుంది.

క్యాంపు మలుపుకు రెండు ఫర్లాంగుల ముందే ఇంజన్ ఆపేశాడు.

"దిగు జోగయ్యా. తోయాలె."

"చెడిపోయిందా?"

"లేదు. చప్పుడు చేస్తే కాలుస్తరు."

భద్రమ్మ ముందు నడిచింది, క్యాంపువాళ్లకు మనిషి కనపడాలని హాతీరాం ఇచ్చిన తెల్ల తువ్వాలు చేత్తో ఎత్తి పట్టుకుని. హాతీరాం ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని భుజంతో తలుపును నెడుతున్నాడు. వెనక జోగయ్య. బురదలో చక్రాలు అంగుళం అంగుళంగా కదిలాయి. సీట్లో ముత్తమ్మ మూలుగుతోంది. ఇంగ్లండులో కుర్రకారు గాలిలో తేలిపోవడానికి చేసిన కారు అది. చర్ల అడవిలో ఒక ఆడమనిషిని, బిడ్డను ప్రాణాలతో దాటించడానికి, అలికిడి లేకుండా, తుపాకుల ముందు నుంచి, మనుషుల రెక్కలతో నడిచింది.

ఎస్సై గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. వానకోటు వేసుకున్నాడు.

"పొద్దున బాగానే ఉంది కదయ్యా. ఏమైంది?"

"తీసేసిన సార్."

"తీసేశావా? ఎందుకు?"

హాతీరాంకు ఊపిరి అందడం లేదు. కాలిన ముంజేతి మీద వాన పడి మండుతోంది. "బండి దగ్గితే మీకు బయం సార్. దగ్గకపోతే వీళ్లకు తెల్వది. నేనేం చెయ్యాల్నో మీరే చెప్పుండ్రి."

ఎస్సై సీట్లోని ముత్తమ్మను చూశాడు. గేటు ఎత్తమని చేత్తో సైగ చేశాడు. ఒక హోంగార్డు ముందుకొచ్చి జోగయ్య పక్కన డిక్కీ మీద చెయ్యి వేశాడు. వెంటనే ఎస్సై వైపు చూసి చెయ్యి తీసేశాడు. కల్వర్టు దాటేదాకా ఇద్దరే నెట్టారు. అక్కడి నుంచి ఇంజన్ మళ్లీ అరిచింది. భద్రాచలం దాకా అరుస్తూనే ఉంది.

సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. ఆలస్యమైనందుకు డాక్టరమ్మ అందరినీ కోప్పడింది. తల్లీబిడ్డ మాత్రం బాగున్నారు. దవాఖానా బయట అరుగు మీద హాతీరాం కూర్చుని ఉంటే, ఆ మోత విని మన్సూర్ వెతుక్కుంటూ వచ్చాడు. జోగయ్య ఒళ్లో తన సైలెన్సరును చూసి తల పట్టుకున్నాడు.

"నా పనికి ఇదా ఇజ్జత్?"

హాతీరాం జరిగింది చెప్పాడు. మన్సూర్ జోగయ్య ఒళ్లోంచి సైలెన్సరును తీసుకుని అటూఇటూ తిప్పి చూశాడు.

"చప్పుడు రాకుంట చేసుడు మా తాత నేర్పిండు. ఒకదిక్కు రావాలె, ఒకదిక్కు రావొద్దంటే యాడ నేర్చుకోవాలె భాయ్?" అని లేచాడు. "ఆ చెయ్యికి మందు పెట్టిచ్చుకో ముందు."

మర్నాడు సైలెన్సరును మళ్లీ బిగించాడు, కానీ బోల్టులతో కాదు. చేత్తో తిప్పితే ఊడొచ్చే రెండు రెక్కల నట్లతో. "పానా అక్కర్లేదు. బట్ట చుట్టుకొని తిప్పు. లేకుంటే మల్ల కాలుతది."

అప్పటి నుంచి హాతీరాం పని అదే. చర్ల నుంచి మర్యాదగా వచ్చి గేటు దాటుతాడు. మలుపు తిరిగాక బురదలో వెల్లకిలా పడుకుని సైలెన్సరు ఊడదీస్తాడు. కారు అరుచుకుంటూ లోపలికి పోయి, మంచాలను పిలుచుకొస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు మలుపు ముందు ఆగి, రోగిని సీట్లో ఉంచే, కిందికి దూరి మళ్లీ తగిలిస్తాడు. ఎస్సైకి ఈ సంగతి తెలుసు. వద్దనలేదు. చెయ్యమనీ అనలేదు. అతని తర్వాత వచ్చిన ఎస్సై కూడా అంతే.

ఎంత బట్ట చుట్టుకున్నా వేడి తగలక మానదు. హాతీరాం ముంజేతి మీద ఇప్పుడు పాత మచ్చ మీద కొత్త మచ్చ. చాంది రాత్రి అన్నం పెట్టేముందు కొబ్బరినూనె రాస్తుంది. రాస్తూ అడుగుతుంది.

"ఇంకెన్ని రోజులు గిట్ల?"

"రోడ్డేసేదాక."

"ఎప్పుడేస్తరట?"

"అడగలే" అంటాడు హాతీరాం. కంచం దగ్గరికి లాక్కుంటాడు. అతను ఇంటికి వచ్చేటప్పుడు సైలెన్సరు తగిలించే ఉంటుంది కాబట్టి, చాంది ఇప్పుడు చప్పుడు కోసం చూడదు. పొద్దు చూసి ఎసరు పెడుతుంది. ఒక్కోరోజు అన్నం చల్లారిపోతుంది.